డేటా వాలిడేషన్ లైబ్రరీల్లో పోలిక నియమాల యూనిట్ పరీక్ష

డేటా వాలిడేషన్ లైబ్రరీల్లో ఒక విలువను మరో విలువతో పోల్చి చెల్లుతుందో లేదో తేల్చే నియమాలను పోలిక నియమాలు అంటారు. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, చెప్పినట్టే పనిచేస్తున్నాయో లేదో ప్రోగ్రాముతోనే సరిచూడడం వాటి యూనిట్ పరీక్ష. వయసు 18కి తగ్గకూడదు, ముగింపు తేదీ ప్రారంభ తేదీ తర్వాతే ఉండాలి, రెండోసారి కొట్టిన పాస్‌వర్డ్ మొదటిదానితో సరిపోవాలి వంటివన్నీ ఈ కోవలోవే. ఈమెయిల్ రూపాన్ని సరిచూసే నియమాల ముందు ఇవి చాలా చిన్నవి. చాలావాటిలో అసలు పని చేసే కోడు ఒక్క వరుసే. అంత చిన్నదానికి టెస్టు ఎందుకని అనిపించడం సహజం. కానీ ఆ ఒక్క వరుసలోనే మూడు నిర్ణయాలు ఇమిడి ఉంటాయి. హద్దు విలువ చెల్లుతుందా, వచ్చిన విలువ ఏ రకానిది, అసలు విలువే రాకపోతే ఏం చేయాలి? లైబ్రరీని నమ్ముకున్న ప్రోగ్రాములన్నీ ఈ నిర్ణయాల మీదే నడుస్తాయి. అందుకే పోలిక నియమానికి కచ్చితమైన నిర్వచనం కావాలంటే డాక్యుమెంటేషన్ కన్నా ముందు దాని టెస్టులు చదవాలి.

నేపథ్యం

యూనిట్ పరీక్షకు ఇప్పుడున్న రూపం స్మాల్‌టాక్ భాష కోసం కెంట్ బెక్ రాసిన ఎస్‌యూనిట్‌తో మొదలైంది. 1997లో జ్యూరిచ్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో బెక్, ఎరిక్ గామా కలిసి జావా కోసం జేయూనిట్ తొలి రూపాన్ని రాశారు. పీహెచ్‌పీయూనిట్, ఎన్‌యూనిట్, పైథాన్‌లోని యూనిట్‌టెస్ట్ ఆ నమూనాలో వచ్చినవే. వాలిడేషన్‌ను కోడులో ఎక్కడికక్కడ షరతులుగా రాయడం మాని, నియమాలుగా ఒకచోట ప్రకటించే పద్ధతికి 2009లో జావాలో వచ్చిన బీన్ వాలిడేషన్ ప్రమాణం గట్టి ఊతమిచ్చింది. నేడు పీహెచ్‌పీలో రెస్పెక్ట్ వాలిడేషన్, లారావెల్, పైథాన్‌లో పైడాంటిక్, జావాస్క్రిప్ట్‌లో జోయ్, జోడ్, డాట్‌నెట్‌లో ఫ్లూయెంట్ వాలిడేషన్ విస్తృత వాడుకలో ఉన్నాయి. భాషలతో సంబంధం లేకుండా జేసన్ డేటాకు నియమాలు చెప్పేది జేసన్ స్కీమా.

హద్దు దగ్గర

గ్లెన్‌ఫర్డ్ మైయర్స్ 1979లో ప్రచురించిన 'ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్' పుస్తకం హద్దు విలువల విశ్లేషణను టెస్టింగ్‌లో ప్రధాన పద్ధతిగా వివరించింది. చెల్లే విలువల గుంపు ఎక్కడ ముగిసి చెల్లనివి ఎక్కడ మొదలవుతాయో, సరిగ్గా అక్కడి విలువలతో, దానికి అటూ ఇటూ ఉన్న విలువలతో పరీక్షించాలన్నది సారాంశం. పోలిక నియమాలకు ఇంతకు మించిన పద్ధతి లేదు. కనిష్ఠం 18 అనే నియమాన్ని 5తోనూ 40తోనూ పరీక్షిస్తే అది "18 లేదా ఎక్కువ" అన్నా పాసవుతుంది, "18 కంటే ఎక్కువ" అన్నా పాసవుతుంది. ఆ రెండింటినీ విడదీసేది 18 ఒక్కటే. 17, 18, 19 మూడూ ఉన్నప్పుడే అది పరీక్ష అనిపించుకుంటుంది.

హద్దు చేరుతుందా లేదా అన్నది లైబ్రరీ రచయితలకే ఎంత తేలని విషయమో రెస్పెక్ట్ వాలిడేషన్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. అందులో మిన్, మ్యాక్స్, బిట్వీన్ నియమాలు మొదట్లో హద్దు విలువను చెల్లనిచ్చేవి కావు. అడిగితేనే చేర్చుకునేవి. 1.0లో డిఫాల్ట్ మారి హద్దు చేరింది. 2.0 వచ్చేసరికి హద్దు ఎప్పుడూ చేరేదే అయింది. కచ్చితంగా ఎక్కువ, కచ్చితంగా తక్కువ కావాలన్న వారికోసం గ్రేటర్‌దాన్, లెస్‌దాన్ అనే వేరే నియమాలు పుట్టాయి. వెర్షన్ మార్చుకున్న ప్రోగ్రాములో కోడు ఒక్క అక్షరం మారకపోయినా 18 ఏళ్ల మనిషికి వచ్చే జవాబు మారిపోయిందన్నమాట. ఆ మార్పును పట్టుకోగలిగేది హద్దు దగ్గర రాసిన టెస్టే.

జేసన్ స్కీమాలోనూ ఇలాంటిదే జరిగింది. డ్రాఫ్ట్ 4లో ఎక్స్‌క్లూజివ్ మినిమమ్ అనేది మినిమమ్ పక్కన పెట్టే నిజం, అబద్ధం గుర్తు మాత్రమే. 2017లో వచ్చిన డ్రాఫ్ట్ 6 నుంచి అది తానే ఒక సంఖ్యను తీసుకునే విడి నియమమైంది. ఏపీఐల వర్ణనకు వాడే ఓపెన్‌ఏపీఐ 3.0 పాత పద్ధతినే పట్టుకుని ఉంది. 3.1లో కొత్తదానికి మారింది. రెండు కాలాల స్కీమాలనూ చదవాల్సిన లైబ్రరీకి రెండు పద్ధతుల్లోనూ హద్దు టెస్టులు తప్పనిసరి.

జేసన్ స్కీమాకు అన్ని భాషల లైబ్రరీలూ పంచుకునే ఉమ్మడి టెస్టు సమితి ఉంది. టెస్టులు కూడా జేసన్‌లోనే ఉంటాయి. ఒక స్కీమా, దాని కింద కొన్ని డేటా విలువలు, ఒక్కోదాని పక్కన చెల్లుతుందో లేదో. ఏ భాషలో లైబ్రరీ రాసినా అదే ఫైలును చదివి నడపొచ్చు. అందులో మినిమమ్ నియమం మొదటి భాగాన్ని దగ్గరగా చూడాలి. కనిష్ఠం 1.1. దానికి 2.6 చెల్లాలి, 1.1 చెల్లాలి, 0.6 చెల్లకూడదు, "ఎక్స్" అనే అక్షరం చెల్లాలి. ఈ నాలుగూ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ ఒక లైబ్రరీ రెండు సంఖ్యల్లోనూ దశాంశ భాగాన్ని పొరపాటున కత్తిరించేసి పోల్చిందనుకుందాం. 2, 1 కంటే ఎక్కువ. 1, 1కి సమానం. 0, 1 కంటే తక్కువ. సంఖ్యలతో రాసిన మూడు టెస్టులూ పాసైపోతాయి, తప్పు బయటపడదు. ఆ ఫైలులోనే తర్వాతి భాగంలో కనిష్ఠం -2 అని పెట్టి, -2.0001 చెల్లకూడదని రాశారు. కత్తిరించే లైబ్రరీ దాన్ని -2గా చదివి చెల్లుతుందంటుంది, అక్కడ దొరికిపోతుంది. హద్దుకు 'దగ్గర' అంటే ఎంత దగ్గరో ఆ ఒక్క విలువ చెబుతుంది. నా లెక్కలో ఆ సమితిలో అతి విలువైన వరుసల్లో అదొకటి.

టెస్టులు రాసే తీరు, వాటి బలం

పోలిక నియమాల టెస్టులు పట్టికలుగా రాయడం అన్ని భాషల్లోనూ స్థిరపడిన అలవాటు. పీహెచ్‌పీయూనిట్‌లో డేటా ప్రొవైడర్, పైటెస్ట్‌లో పారామెట్రైజ్, జేయూనిట్ 5లో పారామీటరైజ్డ్ టెస్ట్ దీనికోసమే ఉన్నాయి. రెస్పెక్ట్ వాలిడేషన్ 2లో చాలా నియమాల టెస్టులకు రెండేసి పట్టికలుంటాయి. ఒకదానిలో చెల్లాల్సినవి, రెండోదానిలో చెల్లకూడనివి. ఈ ఏర్పాటు మెచ్చుకోదగ్గది. చెల్లకూడని పట్టిక ఖాళీగా ఉంటే చూసినవారికి వెంటనే తెలుస్తుంది. ఏది ఇచ్చినా చెల్లుతుందనే నియమం కూడా మొదటి పట్టికను దాటేస్తుంది కదా! పట్టికలో ఒక్కో వరుసకూ పేరు పెట్టడం మంచిది. ఫెయిలైనప్పుడు "ఏడో వరుస" అని కాకుండా "హద్దు విలువ చెల్లాలి" అని కనిపిస్తే పని సగం తగ్గుతుంది. దోష సందేశాన్ని కూడా టెస్టులో కలపాలి. నియమం 18ని అనుమతిస్తూ సందేశం "18 కంటే ఎక్కువ ఉండాలి" అంటే ఫారం నింపేవారిని తప్పుదోవ పట్టించినట్టే.

టెస్టుల నాణ్యతకు కవరేజీ శాతాన్ని కొలతగా చూపడం పరిపాటి. పోలిక నియమాల విషయంలో ఆ కొలత దాదాపు దేనికీ పనికిరాదు. ఒకే వరుస ఉన్న నియమాన్ని ఒక్కసారి నడిపితే కవరేజీ నూరు శాతం వచ్చేస్తుంది, అది 40తో నడిపినా సరే. ఇక్కడ నమ్మదగ్గది మ్యుటేషన్ పరీక్ష. రిచర్డ్ డెమిల్లో, రిచర్డ్ లిప్టన్, ఫ్రెడరిక్ సేవర్డ్ 1978లో రాసిన పరిశోధన పత్రంతో ఈ పద్ధతి పేరుకెక్కింది. కోడులో కావాలని చిన్న తప్పు పెట్టి, టెస్టుల్లో ఒక్కటైనా ఫెయిలవుతుందా అని చూస్తారు. ≥ ఉన్నచోట > పెట్టడం అందులో అతి మామూలు మార్పు. టెస్టులన్నీ అప్పటికీ పాసవుతుంటే హద్దు టెస్టు లేనట్టే. జావాకు పిట్, పీహెచ్‌పీకి ఇన్ఫెక్షన్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్ ఈ పని చేసే సాధనాలు. పెద్ద ప్రోగ్రాముల మీద ఇవి నడవడానికి చాలా సమయం పడుతుంది. పోలిక నియమాలున్న ఫోల్డరు మీద మాత్రమే నడిపితే ఆ బాధ ఉండదు.

రకాలు కలవనప్పుడు

వెబ్ ఫారం నుంచి వచ్చేవన్నీ మొదట అక్షరాల వరుసలే. 25 అని కొట్టినా ప్రోగ్రాముకు చేరేది "25" అనే పాఠం. జావాస్క్రిప్ట్‌లో రెండు పాఠాలను పోలిస్తే "10" కంటే "9" పెద్దది, ఎందుకంటే పోలిక మొదటి అక్షరం దగ్గరే తేలిపోతుంది. ఒకవైపు సంఖ్య ఉంటే జవాబు తిరగబడుతుంది. లారావెల్‌లో మిన్ నియమం సంఖ్యకు విలువను, పాఠానికి పొడవును, జాబితాకు అంశాల లెక్కను, ఫైలుకు కిలోబైట్లను చూస్తుంది. వయసు అనే గడికి మిన్ 18 అని పెట్టి, అది సంఖ్య అని చెప్పే నియమం జతచేయకపోతే "25" పొడవు రెండు అక్షరాలే కాబట్టి చెల్లదంటుంది. డాక్యుమెంటేషన్ చదివినా ఈ సంగతి తట్టకపోవచ్చు. "25" అనే పాఠంతో రాసిన ఒక్క టెస్టు చాలు, కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

సమానత్వపు నియమాల్లో చిక్కు ఇంకా లోతు. పీహెచ్‌పీలో రెండు సమాన చిహ్నాలతో చేసే సడలింపు పోలిక, అంకెల్లా కనిపించే పాఠాలను సంఖ్యలుగా మార్చి చూస్తుంది. ఒక హ్యాష్ సున్నాతో మొదలై, వెంటనే ఇంగ్లిష్ ఇ అక్షరం, ఆపై అన్నీ అంకెలే ఉంటే దాన్ని సున్నాగా లెక్కిస్తుంది. 240610708 అనే వరుసకు ఎండీ5 హ్యాష్ సరిగ్గా ఆ రూపంలోనే వస్తుంది. అదే రూపంలో హ్యాష్ ఉన్న మరో పాస్‌వర్డ్‌తో పోలిస్తే రెండూ సమానమని జవాబు వస్తుంది. 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.0, సున్నాకూ అంకెలు కాని పాఠానికీ మధ్య పోలికను సరిదిద్దింది. ఈ హ్యాష్‌ల సమస్య మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే అవి రెండూ అంకెల రూపంలో ఉన్న పాఠాలే. రెస్పెక్ట్ వాలిడేషన్‌లో ఈక్వల్స్ సడలింపు పోలిక, ఐడెంటికల్ కచ్చితమైన పోలిక. ఈ రెండింటి టెస్టుల్లోనూ 1, "1" అనే జత తప్పక ఉండాలి. మొదటిదానిలో చెల్లేవాటి పట్టికలో, రెండోదానిలో చెల్లనివాటి పట్టికలో.

పైథాన్‌లో నిజం 1కి, అబద్ధం 0కి సమానం. జేసన్ స్కీమా ప్రకారం అబద్ధం, 0 వేర్వేరు, కానీ 1, 1.0 ఒకటే. భాష ఇచ్చే పోలికను నేరుగా వాడుకున్న లైబ్రరీ ఇక్కడ తప్పుతుంది. ఉమ్మడి టెస్టు సమితిలో ఈ జతలన్నీ విడివిడిగా ఉన్నాయి. జావాలో బిగ్‌డెసిమల్ విలువలు 2.0, 2.00 ఈక్వల్స్ దృష్టిలో సమానం కావు, కంపేర్‌టు దృష్టిలో సమానం. నియమం ఏది వాడిందో టెస్టు చూస్తేనే తెలుస్తుంది.

విలువే లేకపోతే? బీన్ వాలిడేషన్‌లో మిన్ నియమానికి నల్ వస్తే చెల్లుతుంది. తప్పనిసరి అనడానికి వేరే నియమం ఉంది. పైన చూసిన "ఎక్స్" అక్షరం మినిమమ్ దగ్గర చెల్లడానికీ కారణం ఇదే. సంఖ్య కానిదాన్ని ఆ నియమం పట్టించుకోదు, రకం చూసే పని మరో నియమానిది. ఒక్కో నియమం ఒక్క పనే చేయాలన్న ఈ విభజన సరైనదే. అయితే కొత్తగా వాడేవారు దీనికి విరుద్ధంగా ఊహించుకుంటారు కాబట్టి, నల్‌కూ వేరే రకాలకూ రాసిన టెస్టులు లైబ్రరీకి రక్షణగానే కాక పాఠంగానూ పనికొస్తాయి. జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఊహకు వదిలేయడం ప్రమాదం. అక్కడ నల్ సున్నాకు సమానం కాదు, సున్నా కంటే ఎక్కువా కాదు, కానీ "సున్నా లేదా ఎక్కువ" అంటే అవునంటుంది.

దశాంశాలు

కంప్యూటర్లలో దశాంశ సంఖ్యలకు 1985 నాటి ఐఈఈఈ 754 ప్రమాణం ఆధారం. అందులో 0.1, 0.2 కూడితే 0.30000000000000004 వస్తుంది. గరిష్ఠం 0.3 అని పెడితే ఆ మొత్తం చెల్లదు. బీన్ వాలిడేషన్ ప్రమాణం ఇలాంటి చిక్కుల వల్లనే మిన్, మ్యాక్స్ నియమాలకు ఫ్లోట్, డబుల్ రకాలను మద్దతు జాబితాలో చేర్చలేదు. గుణిజం నియమంలో కూడా ఇదే ఇబ్బంది. 0.0075 అనేది 0.0001కి గుణిజమేనని జేసన్ స్కీమా టెస్టు సమితి అంటుంది, శేషం తీసి చూసే లైబ్రరీకి సరిగ్గా సున్నా వస్తుందన్న హామీ లేదు. డబ్బు లెక్కలను పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచుకోవాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

అదే ప్రమాణంలో 'సంఖ్య కానిది' అని సూచించే నాన్ అనే విలువ ఉంది. అది తనకు తానే సమానం కాదు. దేనితో పోల్చి చిన్నదా, పెద్దదా, సమానమా అని అడిగినా కాదనే అంటుంది. కనిష్ఠం 5 నియమాన్ని "5 కంటే తక్కువైతే తిరస్కరించు" అని రాస్తే నాన్ లోపలికి వచ్చేస్తుంది. "5 లేదా ఎక్కువైతేనే అనుమతించు" అని రాస్తే బయటే ఆగుతుంది. మామూలు సంఖ్యలన్నిటికీ ఈ రెండు రాతలూ ఒకటే కాబట్టి కోడు సమీక్షలో ఎవరికీ అనుమానం రాదు. ధర్మాల ఆధారంగా చేసే పరీక్ష దీన్ని పట్టుకోగలదు. 2000లో కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ హాస్కెల్ భాషకు తెచ్చిన క్విక్‌చెక్ ఈ పద్ధతికి మూలం, పైథాన్‌లో హైపాథిసిస్ దాని వారసురాలు. "ఏ సంఖ్యకైనా 'కనిష్ఠం 5', '5 కంటే తక్కువ' అనే రెండు నియమాల్లో సరిగ్గా ఒక్కటే చెల్లాలి" అని ధర్మం రాస్తే, సాధనం తానే విలువలు పుట్టించి చూస్తుంది. రెండు నియమాలనూ ఒకే తీరులో రాసి ఉంటే, నాన్ తగలగానే ధర్మం విరిగిపోతుంది.

తేదీలు

తేదీ పోలికల్లో నేటి తేదీ ఇమిడి ఉంటే టెస్టు ఈరోజు పాసై రేపు ఫెయిల్ కావచ్చు. గడియారాన్ని బయటి నుంచి అందించి, టెస్టులో ఒక తేదీ దగ్గర ఆపేయడం దీనికి విరుగుడు. వయసు నియమానికి 29 ఫిబ్రవరి 2008న పుట్టినవారిని తప్పక చేర్చాలి. వారికి 18 ఏళ్లు కలిపితే పీహెచ్‌పీ 1 మార్చి 2026 అంటుంది, జావా 28 ఫిబ్రవరి 2026 అంటుంది. రెండూ వాటి వాటి నియమాల ప్రకారం సరైనవే. ఏది కావాలో నిర్ణయించుకుని టెస్టులో రాసిపెట్టాల్సింది లైబ్రరీ రచయితలే.

సమయ మండలం మరో హద్దు. భారత కాలమానం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సర్వరు యూటీసీలో నడుస్తుంటే మన అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5:30 వరకు దాని దృష్టిలో ఇంకా నిన్నటి తేదీయే. కొన్ని చోట్ల పోల్చాల్సింది నేటి తేదీతో కానే కాదు. ఓటరు నమోదుకు 18 ఏళ్లు అర్హత తేదీ నాటికి నిండాలి. 2022 ఆగస్టు నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని ఏటా నాలుగు అర్హత తేదీలున్నాయి. అలాంటి ఫారానికి రాసే నియమంలో పోల్చే తేదీని బయటి నుంచి ఇవ్వగలగాలి, టెస్టుల్లో నాలుగు తేదీలకూ ముందురోజు, ఆరోజు, మర్నాడు ఉండాలి.

రెస్పెక్ట్ వాలిడేషన్ 2 పోలికకు ముందు పాఠాన్ని తేదీగా చదవడానికి ప్రయత్నిస్తుంది. ఒకే అక్షరం ఉన్న పాఠాన్ని మాత్రం ముట్టుకోదు. పీహెచ్‌పీ ఒంటి ఇంగ్లిష్ అక్షరాన్ని సమయ మండలం పేరుగా చదివేస్తుంది, అప్పుడు 'ఎ' నుంచి 'జడ్' మధ్య అనే మామూలు నియమం తేదీల పోలికగా మారిపోతుంది. ఆ మినహాయింపును టెస్టు కాపాడకపోతే, కోడును శుభ్రం చేద్దామని కూర్చున్న ఎవరో ఒకరు అనవసరమని తీసేస్తారు.

తెలుగు పాఠం

పాఠం పొడవును పోల్చే నియమాల్లోని చిక్కులు తెలుగు రాతలో నేరుగా ఎదురవుతాయి. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. పీహెచ్‌పీలో బైట్లను లెక్కించే ఫంక్షను 18 అంటుంది, సంకేతాలను లెక్కించేది 6 అంటుంది. చదువరి దృష్టిలోని అక్షరాలను లెక్కించే పద్ధతిలో పాత యూనికోడ్ నియమాల ప్రకారం 3 వస్తుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టవద్దని నియమం చేర్చింది. దాంతో అదే మాటకు 1 వస్తుంది. సర్వరులో యూనికోడ్ లైబ్రరీ వెర్షన్ మారితే గరిష్ఠ పొడవు నియమం జవాబు కూడా మారుతుంది.

సమానత్వంలోనూ ఇబ్బంది ఉంది. "హైదరాబాద్" అనే మాటలో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం, దాని వెనక ఐత్వపు గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదానిలో 9 సంకేతాలు, రెండోదానిలో 10. గరిష్ఠం 9 అని ఉంటే ఒకటి చెల్లుతుంది, మరొకటి చెల్లదు. సరిపోలాలి అని ఉంటే రెండూ వేరంటుంది. పోల్చే ముందు రెండింటినీ యూనికోడ్ సాధారణీకరణకు గురిచేస్తే ఈ తేడా పోతుంది. కానీ "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు తర్వాత కనిపించకుండా ఉండే నాన్‌జాయినర్ సంకేతాన్ని ఆ సాధారణీకరణ తీసేయదు. ఒక దరఖాస్తులో అది ఉండి మరో దరఖాస్తులో లేకపోతే, పేరు కొంచెం వేరుగా కనిపించడమే కాక పోలికలోనూ తప్పుతుంది. తీసేసి పోల్చాలా, ఉంచి పోల్చాలా అన్నది లైబ్రరీ కావాలని తీసుకోవాల్సిన నిర్ణయం.

జేసన్ స్కీమా టెస్టు సమితిలో పొడవు నియమాలకు ఎమోజీలతో టెస్టులున్నాయి. ఆ సమితి, ఇక్కడ చెప్పుకున్న లైబ్రరీలు అన్నీ ఓపెన్ సోర్సువే, టెస్టులు పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తెలుగులో ఫారాలు తయారుచేసే డెవలపర్లు తమ టెస్టు పట్టికల్లో "స్త్రీ"ని, రెండు రకాల "హైదరాబాద్"ను, నాన్‌జాయినర్ ఉన్న పేరును చేర్చుకోవాలి. వాటిని తాము వాడే లైబ్రరీకి కూడా పంపాలి.